బోర్డు మీద వైరు ముక్క

కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీటులో ఉన్న యువకుడు ఫోన్‌లో బతిమాలుతున్నాడు.

"బావా, నా మాట ఇను. లిఫ్ట్ ఎక్కకు, మెట్లెక్కే పో."

అవతలి మనిషి నవ్వడం నాకూ వినిపించింది.

ఫోన్ పెట్టేశాక, నేను అడగకుండానే చెప్పుకొచ్చాడు. మొన్నటిదాకా దుబాయిలో లిఫ్టుల బోర్డులు బాగుచేసేవాడట. అక్కడే బావ ఉండే బిల్డింగులో, తలుపు మూసుకున్నాకే లిఫ్టును కదలనిచ్చే రిలే కాలిపోయిందట.

"రిలే ఒక్కో కాలు కాడ టంకం కరిగిచ్చి, అంతా తీసెయ్యాలె అన్నా. గప్పుడు రిలే దానంతటదే వస్తది," అంటూ రెండు వేళ్లతో గాలిలోంచి దేన్నో మెల్లగా పైకి తీశాడు. "ఫోర్‌మన్ తొందర వెట్టిండు. బలిమిగ పీకిన. కింద బోర్డు మీది రాగి గీత లేచొచ్చింది. వైరు ముక్కతోని అతికిన. కొత్త బోర్డు తెప్పియ్యుమంటె, నడుస్తది గదా అన్నడు. లొల్లి జేస్తే నన్నే ఇంటికి పంపిండు."

"ఆ వైరు ఊడితే?"

"ఊడి పక్క గీతకు తాకిందనుకో, తలుపు తెరిచుండంగనే లిఫ్ట్ కదుల్తది."

అతని ఊరు రుద్రంగి వచ్చేలోగా బావకు మళ్లీ మళ్లీ ఫోన్ చేశాడు. రింగవుతోంది కానీ ఎవరూ ఎత్తలేదు.

అతను స్టేజీలో దిగగానే చంటిబిడ్డను చంకనేసుకున్న ఒకామె ఎదురొచ్చింది.

"మీ బావ ఫోన్ ఎత్తుతలేడేందిరా?"

"ఇందాకనే మాట్లాడిన అక్కా, మంచిగనే ఉన్నడు."

ఆమె ముఖం తేలికపడింది. అతను మాత్రం ఫోన్‌ను చెవి దగ్గర నుంచి దించలేదు. బస్సు కదిలింది.