లక్ష్మీనరసింహం మాస్టారి క.సా.గు.

లక్ష్మీనరసింహం మాస్టారు రిటైరై ఆరేళ్లయినా జేబులో సుద్దముక్క లేకుండా గుమ్మం దాటడు. టీకొట్టు బల్ల మీదా, పాలవాడి బండి సీటు మీదా, ఆఖరికి శ్రీముఖలింగం బస్సులో ముందు సీటు వీపు మీదా లెక్కలు గీస్తాడు. ఊళ్లో నలభై ఏళ్ల లోపు మగాళ్ల చెవులన్నీ ఆయన మెలిపెట్టినవే. క.సా.గు. అడిగితే రెండంకెల్నీ ఊరికే గుణించేసినవాడికి మాత్రం రెండు మెలికలు.

ఆ శిష్యుల్లోని అన్నదమ్ములే జగన్నాధం, పృథ్వీరాజ్. బోరు ఉమ్మడి, మాటల్లేక మూడేళ్లు. అన్న వంగతోటకి నాలుగు రోజులకోసారి, తమ్ముడి వేరుశెనగకి ఆరు రోజులకోసారి తడి పెట్టాలి. ఆదివారం వాన పడింది. అక్కణ్ణించి లెక్కేస్తే ఇద్దరి తడీ ఒకేరోజు ఎప్పుడు పడుతుందో చెప్పమని విడివిడిగా వచ్చి అడిగారు. మాస్టారు నశ్యం పీలుస్తూ ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు: "నాలుగార్లు ఇరవైనాలుగు. అందాకా ఆడి మొహం సూడక్కర్లేదు, పో."

పన్నెండో రోజు పొద్దున్నే రెండు చేతులూ ఒకే స్టార్టరు మీద పడ్డాయి. మాటల్లేవు కాబట్టి నోరెత్తకుండానే కొట్టుకున్నారు. చిరిగిన చొక్కాలతో మాస్టారి అరుగెక్కారు.

"ఏటి మాస్టారూ, పన్నెండుకే తగులుకున్నాం!" అన్నాడు జగన్నాధం.

మాస్టారు అరుగు మీద నాలుగు, ఎనిమిది, పన్నెండు అని రాశాడు. దాని కింద ఆరు, పన్నెండు అని రాశాడు. రెండు పన్నెండ్ల చుట్టూ సున్నా చుట్టాడు. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టి, తల ముందుకు వంచాడు.

"కానీండ్రా. రెండు మెలికలు."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కుడిసెవి నువ్వట్టుకోరా, తమ్ముడా" అన్నాడు జగన్నాధం.