ఎడమకాలి కొలత

భూములు కొలిచే మోజణి ఇలాఖాలో ముప్పై నాలుగు సంవత్సరాలు ఉద్యోగం చేసినవాడికి నడక గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదని నేను చాలాకాలం నమ్మాను. చింతామణి, బాగేపల్లి తాలూకాలలో నేను గొలుసు పట్టించి కొలిపించని భూమి తక్కువ. రాగిచేలు, వేరుశెనగ చేలు, మల్బరీ తోటలు, గడ్డి కూడా మొలవని రాతిగుట్టలు, అన్నింటినీ ఈ రెండు కాళ్ళతోనే తొక్కి, హద్దురాయి ఎక్కడ ఉండాలో నిర్ణయించి వచ్చాను. ఉద్యోగ విరమణ తరువాత కూడా ప్రతి ఉదయం మురుగమల్ల దారిలో ఒక గంట పోయి ఒక గంట వచ్చే అలవాటు తప్పలేదు. అందుచేత మా అమ్మాయి ఈ ఏడు మలెనాడు కొండలలో, వీపున సంచి మోసుకుంటూ నాలుగు రోజుల కాలినడక ప్రయాణం ఏర్పాటు చేస్తున్నదని తెలిసినప్పుడు, నేనూ వస్తానని చెప్పడానికి క్షణం ఆలోచించలేదు.

మా అమ్మాయి చిక్కబళ్ళాపురంలో భౌతికశాస్త్రం బోధిస్తుంది. తోటి ఉపాధ్యాయులను కూడగట్టి ఏడాదికొకసారి కొండలకు తీసుకుపోతుంది. నన్ను కాదనలేదు, సరే అని కూడా అనలేదు. నియమాలు రాసిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది.

"చదువుకో నాయనా. ఒప్పుకుంటే చేవ్రాలు పెట్టు."

కాగితం చక్కగా ఉంది. అంకెలు వరుసలో ఉన్నాయి, అక్షరాలు కుదురుగా ఉన్నాయి. ప్రతి ఒక్కరూ ఎనిమిది కిలోల సంచి మోయాలి. ప్రయాణానికి మూడు వారాల ముందు బాగేపల్లి నుండి మిట్టేమరి వరకు, మధ్యలో ఒక గుట్ట ఎక్కి దిగుతూ, పరీక్షగా నడవాలి. ఐదవ నియమం ప్రకారం, ఆ నడక చివర ఎవరి కాలికైనా పెద్ద బొబ్బ కనిపిస్తే వారి పేరు కొట్టివేయబడుతుంది.

నేను కలం తీసి, "పెద్ద" అనే మాట చుట్టూ సున్న చుట్టాను.

"ఏది పెద్దది, ఏది చిన్నది అని ఎవరు తేల్చాలి? తేల్చలేని నియమం కయ్యానికి దారి. ఈ మాట తీసెయ్యి."

"తీసేస్తే కష్టం నాయనా. చిన్న బొబ్బ ఎవరికైనా వస్తాది."

"వచ్చినవాడు ఇంట్లో ఉంటాడు."

ఆమె నావైపు ఒకసారి చూసి, ఆ మాట కొట్టేసింది. నేను చేవ్రాలు పెట్టాను. పన్నెండుమంది జాబితాలో వయసు ప్రకారం నా పేరు మొదట వచ్చింది.

ఇక బూట్లు కొనాలి. మా ప్రాంతంలో పాదరక్షలు కొనడానికి ఒక పద్ధతి ఉంది. చెప్పు కొత్తలో కరవాలి. తోలు చెప్పును కాలికి సరిగ్గా చూసుకుని కొన్నవాడి చెప్పు నెల తిరిగేసరికి సాగి, కాలి నుండి జారిపోతుంది. తెలిసినవాడు ఒక సైజు తగ్గించి కొంటాడు, ఆముదం పట్టిస్తాడు, వారం పది రోజులు ఓర్చుకుంటాడు. ఆ తరువాత ఆ చెప్పు అతని కాలికే పుట్టినట్టు ఉంటుంది. మా తండ్రిగారు అట్లే కొన్నారు. నా ఉద్యోగమంతా నేనూ అట్లే కొన్నాను.

చింతామణి బజారులో అంగడాయన నా కాలు చూసి తొమ్మిదో నంబరు తీశాడు.

"ఎనిమిది ఇవ్వు," అన్నాను.

"ఎనిమిది పట్టదప్పా మీ కాలికి."

"బిగుతుగా ఉండాలి. తరువాత సాగుతుంది."

"సాగేదానికి ఇది తోలు కాదప్పా, గుడ్డా రబ్బరూ. ఈపొద్దు ఎట్లుండాదో వచ్చే ఏడాదికీ అట్లే ఉంటాది."

"నాకు కాలి కొలత నేర్పిస్తాండావా?"

"అయ్యో, నేనెంతటోణ్ణి. మీరు ఊరినే కొలిచినోళ్ళు," అని ఆయన ఎనిమిదో నంబరు డబ్బా ముందుకు జరిపాడు.

ఏ శుభకార్యానికైనా కుడికాలు ముందు పెట్టేవాళ్ళం కాబట్టి కుడికాలికే తొడిగి చూశాను. కోరినట్టే బిగుతుగా ఉంది. లేచి నిలబడి, సరే అన్నాను. రెండవది డబ్బాలోనే ఉండిపోయింది. ఇంటికి వచ్చి రెండింటికీ ఆముదం పట్టించాను. గుడ్డ నల్లబడి, వీధి దుమ్మంతా దానిమీద పేరుకున్నది. నా భార్య వాకిట్లో నిలబడి చూసి, నాతో కాకుండా గోడతో అన్నట్టుగా, "పెండ్లికూతురి తలకు కూడా ఇంత నూనె పెట్టరమ్మా," అన్నది.

పరీక్ష నడక రోజున బాగేపల్లిలో బస్సు దిగగానే మా అమ్మాయి కూడా ఆ బూట్లను చూసింది. "నాయనా, ఇవి బూట్లా, మిరపకాయ బజ్జీలా?" అన్నది. తోటి ఉపాధ్యాయులు నవ్వారు. నేను నవ్వలేదు. గుట్ట ఎక్కడంలో అందరికంటే ముందు నేనే ఉన్నాను. నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాళ్ళు రాళ్ళమీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే, నేను పైన నిలబడి వాళ్ళకోసం ఎదురుచూశాను. ఆ సంతోషం దాచుకోవలసినది కాదు.

దిగేటప్పుడు తెలిసింది. సంచి బరువు వెనుకనుండి తోస్తుంటే, అడుగడుగునా వేళ్ళు బూటు ముందుభాగానికి పోయి గుద్దుకుంటున్నాయి. కుడికాలు ఓర్చుకున్నది. ఎడమకాలు ఓర్చుకోలేదు. చిటికెనవేలి దగ్గర మొదట వేడి పుట్టింది, తరువాత మంట. నేను నడక తీరు మార్చలేదు. ముఖం కూడా మార్చలేదు.

మిట్టేమరిలో బడి వసారామీద మా అమ్మాయి అందరినీ వరుసగా కూర్చోబెట్టి, బూట్లూ మేజోళ్ళూ తీయించి, ఒక్కొక్కరి పాదాలు చూసుకుంటూ వచ్చింది. తొందర లేదు, ఒకరి దగ్గర ఎక్కువసేపు, ఒకరి దగ్గర తక్కువసేపు అని లేదు. నా ముందుకు వచ్చినప్పుడు నేను కుడికాలు చాచాను.

"ఎడమది కూడా తీయి నాయనా."

తీశాను. చిటికెనవేలిమీద శెనగగింజంత బొబ్బ. బొటనవేలి గోరు కింద నీలం.

పక్కనున్న కన్నడం మాస్టారికి జాలి కలిగింది. "మేడమ్, ఇంత చిన్నదానికి ఏముందండీ? పెద్దాయన. వదిలెయ్యండి," అన్నాడు.

ఆమె ఆయనవైపు చూడలేదు. "ఎంత చిన్నదైనా కుదరదని ఎవురు రాయించినారో ఆయన్నే అడగండి సార్."

"నియమం ప్రకారం చెయ్యి," అన్నాను. ఆమె కాగితం తీసి, మోకాలిమీద పెట్టుకుని, జాబితాలో మొదటి పేరుమీద అడ్డంగా గీత గీసింది. గీత వంకర పోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస అయింది. "కన్నతండ్రి పేరు కొట్టేస్తారా యాడన్నా? నలుగురిలో!" అని నా భార్య మా అమ్మాయిమీద విరుచుకుపడింది.

"నలుగురిలో కాబట్టే కొట్టేసినానమ్మా. ఆయనకు వదిలేస్తే రేపు ఇంకొకరికి ఎట్ల చెప్పేది?"

"నోరు చూడు దీనికి!"

నేను కాలు ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఆ మాటలు వింటున్నాను. నొచ్చుకోలేదని అంటే అబద్ధమవుతుంది. అయినా అంతకంటే బలమైనది వేరే ఒకటి మనసులో నిండింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి మా సొంత దాయాది పొలం కొలవవలసి వచ్చింది. ఆయన గట్టు పొరుగువాడి చేలోకి రెండు అడుగులు జరిగి ఉంది. రాయి పెకలించి సరైనచోట పాతించాను. ఆ తరువాత వాళ్ళ ఇంటి శుభలేఖ మా గడప తొక్కలేదు. అప్పుడు నన్ను మెచ్చుకున్నవారు ఎవరూ లేరు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. దాని గురించి ఆమెకు నేను ఏనాడూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఆమె గీసిన గీత చూసిన తరువాత, చెప్పవలసిన అవసరం లేకపోయిందని అర్థమైంది.

కాళ్ళు తుడుచుకుని నియమాల కాగితం మళ్ళీ చదివాను. పేరు కొట్టివేయబడినవారు ప్రయాణానికి వారం ముందులోగా ఒకే ఒకసారి మళ్ళీ పరీక్షకు నిలబడవచ్చునని ఏడవ నియమం చెబుతున్నది. మా అమ్మాయి ఆ సంగతి గుర్తు చేయలేదు. చదువుకోవడం నా బాధ్యత అని ఆమెకు తెలుసు.

మరునాడే చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. కొండలకు పోయేవాళ్ళ సామాను అమ్మే అంగడి ఒకటి అక్కడ మేడమీద ఉంది. నడిపేది నలభై ఏళ్ళ ఒకామె. నేను లోపలికి పోయేసరికి పది గంటలు.

"బూట్లకా? సాయంత్రం రండప్పా," అన్నది.

"అంగడి తెరిచే ఉంది కదమ్మా?"

"అంగడి తెరిచే ఉండాది, మీ కాలే ఇంకా తెరుచుకోలేదు. పొద్దున పాదం ఒక తీరు, తిరిగినాక ఒక తీరు. పోయి నాలుగు వీధులు తిరిగి రండి."

బేరం వదులుకుని కూడా పద్ధతి వదలని వ్యాపారిని చూసి చాలాకాలమైంది. నేను నాలుగు వీధులు కాదు, ఊరంతా తిరిగి నాలుగు గంటలకు వచ్చాను. ఆమె నాకు మందపాటి మేజోళ్ళు తొడిగించింది. ఇసుక నింపిన సంచి వీపుకు తగిలించింది. కాగితంమీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీసి, స్కేలు పెట్టింది.

"ఎడమది పొడుగప్పా. అంగుళంలో ఎనిమిదో వంతు."

నేను స్కేలు తీసుకుని మళ్ళీ కొలిచాను. నిజమే.

ఆ కాగితం ముందు నేను తలవంచుకున్నాను. మోజణిలో మొదటి సంవత్సరమే మాకు నేర్పిన సూత్రం ఒకటి ఉంది. ఏ గట్టునైనా ఈ కొసనుండి ఒకసారి, ఆ కొసనుండి ఒకసారి కొలవాలి. రెండూ కలిస్తేనే అది కొలత. ఒక హద్దు కొలిచి, ఎదుటి హద్దు కూడా అంతే ఉంటుందని పుస్తకంలో రాసుకున్న ఒక కొత్త ఉద్యోగిని నేను ఎండలో మూడుమైళ్ళు వెనక్కి నడిపించాను. అరవై ఎనిమిది ఏళ్ళుగా నా కిందనే ఉన్న ఎడమపాదాన్ని మాత్రం, కుడిది చూసి ఊహించి, సంతకం చేశాను.

"పదో నంబరు చూద్దాం," అన్నదామె.

"పదా! ఎనిమిది తొడుక్కున్నవాణ్ణమ్మా నేను."

"తొడుక్కున్నారు, ఆ గోరు చెప్తాండాది గదా ఎట్ల తొడుక్కున్నారో."

అంగడి మూలలో ఏటవాలుగా బిగించిన చెక్క ఒకటి ఉంది. సంచితో దానిమీద ఎక్కించి, దిగమన్నది. "వేళ్ళు ముందుకి తగలకూడదు. మడమ పైకి లేవకూడదు. తగిలితే ఇక్కడే చెప్పండి, కొండమీద చెప్పేదానికి నేనుండను." ఒక జత తగిలింది. ఇంకొక జతలో మడమ లేచింది. మూడవ జతలో ఎడమకాలు కుదురుకున్నది. కుడికాలు కొంచెం వదులుగా ఉందన్నాను. ఆమె వంగి, కుడి బూటు లేసును మడమ దగ్గర ఇంకొక చుట్టు తిప్పి బిగించింది. "పెద్దకాలికి బూటు కొనాల, చిన్నకాలికి లేసు కట్టాల," అన్నది. ఆ చెక్కమీద పదిసార్లు ఎక్కి దిగాను. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆ తరువాత పదిరోజులు ఎనిమిది కిలోల రాగులు సంచిలో నింపుకుని, ఆ బూట్లతో మురుగమల్ల దారిలో నడిచాను. దారిపక్క టీ అంగడి దగ్గర కూర్చునే నా ఈడువాళ్ళకు అది పండుగైంది. "ఏమప్పా, రాగులు మోసుకోని యాడికి? మిల్లు వెనకపక్క ఉండాది!" అని ఒకాయన అరిచేవాడు. "ఆడించేదానికి కాదు, వాటికి ఊరు చూపించేదానికి తీసకపోతాండాడు," అని ఇంకొకాయన. నేను ఆగలేదు. ఆముదం సీసా అటకెక్కింది.

రెండవ పరీక్షకు నేనూ మా అమ్మాయీ ఇద్దరమే. అదే బాగేపల్లి, అదే గుట్ట. ఈసారి ఆమె నా వెనుక నడిచింది. నేను కాలు ఎట్లా పెడుతున్నానో చూడడానికని అడగకుండానే తెలిసింది. పైన ఆగి గొప్ప చూపించుకోవాలని అనిపించలేదు. దిగేటప్పుడు అడుగులు చిన్నవి చేసి, మోకాళ్ళు సడలించి దిగాను. వేళ్ళు బూటులో తమ చోట తాము ఉన్నాయి.

"నొప్పి ఉండాదా నాయనా?" అని సగం దారిలో ఒకసారి అడిగింది.

"చూసి చెప్పవలసినది నువ్వు."

మిట్టేమరి బడి వసారాలో కూర్చుని, మొదట ఎడమకాలే చాచాను. ఆమె మోకాళ్ళమీద కూర్చుని, వేళ్ళ సందులు, మడమ, అరికాలు, అన్నీ తడిమి చూసింది. ఫోను దీపం వేసి గోరు కింద చూసింది. తరువాత కుడికాలు, అంతే శ్రద్ధగా. మొదటిసారి కంటే ఎక్కువసేపు పట్టింది. ఎవరూ చూడనిచోట కూడా ఆమె ఒక్క వేలు వదలలేదు. అప్పుడు లేచి కాగితం తీసి, కొట్టేసిన పేరును దిద్దకుండా, జాబితా అడుగున, అందరి కింద, నా పేరు కొత్తగా రాసింది. వయసుకు పెద్దవాడినైనా, చివర అర్హత పొందినవాడి స్థానం చివరిదే. వరుస సరిగ్గా ఉంది.

"చేవ్రాలు పెట్టు," అన్నది. పెట్టాను. అప్పుడు నవ్వింది.

మలెనాడులో ఆ నాలుగు రోజులూ జాబితా ప్రకారమే నడిచాము. దారి చూపేది కాబట్టి ముందు మా అమ్మాయి, జాబితాలో చివరివాణ్ణి కాబట్టి అందరికంటే వెనుక నేను. వాన పడి రాళ్ళు జారుతున్న లోయలోని వాగు దగ్గర ఆమె ఆగి, ఒక రాయిని కాలితో అదిమి చూసి, కుదరక ఇంకొకదాన్ని ఎంచుకుని దాటింది. ఆమె వెనుక పదిమంది, ఒకరి తరువాత ఒకరు, ఆమె అడుగు పెట్టిన రాయిమీదనే అడుగు పెట్టి దాటారు. నేను చివర నిలబడి అదంతా చూసి, నా వంతు వచ్చినప్పుడు అదే రాయిమీద కాలు పెట్టాను.