మా బావగారి రాయల్ గ్రామా

ఈ సాయంత్రం నల్లపాడులో మా బావగారి కొత్త ఇంటికి వెళ్ళాను. ఆయన మిర్చి వ్యాపారి. హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టించి, రాయల్ గ్రామా అనే చేపను తెప్పించారు. తల వైపు ఊదా, తోక వైపు పసుపు. సముద్రంలో రాతి గుహల్లో ఉండే జాతి కాబట్టి ఇక్కడా రాయి సందులోనే దాక్కుంది. తన డిజిటల్ కెమెరాకు చిక్కడం లేదని బావగారు చెయ్యి పెట్టి రాయి లాగేశారు.

"వద్దండీ, బెదిరిపోద్ది," అంది అక్క.

"దాక్కోడానికా నేను తెప్పించింది?"

చేప అద్దాలకు కొట్టుకుని, ఎగిరి గచ్చు మీద పడింది. అక్క వంగబోయింది.

"ఆగవే, ఇప్పుడు బాగా కనపడుతోంది!" అంటూ ఆయన ఫోటో తీశారు.

అక్క ఆగలేదు. చేపను నీళ్ళలో వేసి, రాయి మళ్ళీ పెట్టింది. ఈ మనిషికి ప్లాస్టిక్ చేప చాలదా? మీరే చెప్పండి.