ప్రేమానందంగారి లోకంలో ఎగరడం నిషేధం

ప్రేమానందంగారి లోకంలో ఎవరూ ఎగరకూడదు. ప్రార్థనలో గురకపెడితే క్షమిస్తారు, పాట శ్రుతి తప్పితే క్షమిస్తారు. నేల విడిచి జానెడు లేచారా, ఇక అంతే.

లోకమంటే నిజంగా లోకమే. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఆయన గ్యారేజ్‌లో, బియ్యం బస్తాలకీ లాన్ మోవర్‌కీ మధ్య, మూత ఊడిన పాత కంప్యూటర్‌లో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి, నచ్చినట్టు మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఆయనే కట్టారు. అందులో ఒక కాలువ, కాలువ గట్టు, గట్టు చివర తెల్లటి చర్చి. అసలు చర్చికి హాలు అద్దెకిచ్చిన అమెరికన్లు ఆదివారం మధ్యాహ్నం తప్ప తాళం తియ్యరు. అందుకని బుధవారం సాయంత్రం తెలుగు ప్రార్థన ఈ లోకంలోనే. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుంటే, వాళ్ళ బొమ్మలు గేటు దగ్గర ప్రత్యక్షమవుతాయి. అక్కణ్ణుంచి చర్చిదాకా గట్టు మీద నడవాలి.

అదేం నడక! పెళ్ళి ఊరేగింపు కూడా అంతకన్నా చురుగ్గా కదులుతుంది. ఏడు నిమిషాలు పడుతుంది. ఇరవై అడుగులకో బల్ల. ఇలాంటి లోకాలు ఇంకెక్కడ చూసినా బటన్ నొక్కితే మనిషి గాల్లోకి లేస్తాడు. ఈయన ఆ ఏర్పాటునే పీకేశారు.

ఇది చూస్తే ప్రిస్సిల్లాకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఆవిడ ఆఫీస్‌లో ప్రాజెక్ట్ మేనేజర్, చర్చిలో సెక్రటరీ. మైక్రోవేవ్‌లో ముప్ఫై సెకన్లు పెట్టి ఇరవయ్యో సెకనుకే తలుపు లాగే మనిషి.

"అంకుల్, ఫ్లయింగ్ ఆన్ చేయండి. ఒక్క సెట్టింగ్!"

"రెక్కలు దేవదూతలకిచ్చాడమ్మా. మనకి కాళ్ళిచ్చాడు."

"పోనీ స్పీడైనా పెంచండి."

"ఎక్కడికి తల్లీ అంత తొందర? పరలోకానికా?"

దీనికి తోడు గేటు దగ్గర లూసీ ఆంటీ కాపు. రిటైర్డ్ నర్సు, డెబ్బై రెండేళ్ళు. నిరుడు స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఆ బలమంతా నోటికి చేరింది. గొంతు మెత్తగా చేసి "ఎలా ఉన్నారాంటీ?" అని అడిగిన పాపానికి ముగ్గురి ఫోన్లు టపీమని పెట్టేసింది. గట్టు మీద మాత్రం దొరికినవాణ్ణి దొరికినట్టు ఇంటర్వ్యూ చేసేది.

"జూడ్, గ్రీన్ కార్డ్ వచ్చిందా? పెళ్ళెప్పుడు? ఆ గడ్డమేంట్రా, మేకలాగా?"

ఏడు నిమిషాలూ తప్పించుకునే దారి లేదు. ఎగరలేరుగా!

చివరికి కమిటీ కూర్చుంది. ప్రిస్సిల్లా నిలబడి తేల్చేసింది. "వచ్చే బుధవారానికి ఫ్లయింగ్ ఉండాలి. లేకపోతే ప్రేయర్‌ని ఒక కంపెనీవాళ్ళ లోకానికి షిఫ్ట్ చేస్తాం. ఫస్ట్ ఇయర్ ఫ్రీ."

"అక్కడ తాళం కంపెనీవాడిది. వాడు పొమ్మన్న రోజు పోవాలి. ఇక్కడ తాళం మనది. మార్చను. మీరు ఓటేసినా మార్చను, తీర్పు దినం వచ్చినా మార్చను."

"అయితే మేమంతా వెళ్ళిపోతాం అంకుల్. మీ లోకంలో మీరొక్కరే ఉంటారు."

ప్రేమానందంగారు చొక్కా జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "పోయేవాళ్ళు కంపెనీవాడి గుమ్మానికెందుకు? ఇందులో లోకమంతా ఉంది, కాలువతో సహా. నీ లాప్‌టాప్‌లో నువ్వే నడుపుకో. నీ కాపీ, నీ ఇష్టం. గద్దల్లా ఎగరండి. నేను మాత్రం అందులో అడుగుపెట్టను."

ప్రిస్సిల్లా తెల్లబోయింది. "నిజంగా ఇచ్చేస్తున్నారా?"

"నాకూ ఎవరో ఇస్తేనే కదమ్మా వచ్చింది."

బుధవారం ఏడింటికి ప్రిస్సిల్లా డైనింగ్ టేబుల్ మీద కొత్త లోకం తెరుచుకుంది. జూడ్ కేకలు పెడుతూ గంట గోపురం చుట్టూ మూడు చుట్లు కొట్టాడు. పదకొండు సెకన్లలో మిగతా జనమంతా చర్చిలో ఉన్నారు. ప్రిస్సిల్లా గర్వంగా పేర్లు పిలవసాగింది.

"లూసీ ఆంటీ?"

జవాబు లేదు. ప్రిస్సిల్లా చూపు గట్టు వైపు తిప్పింది. రెండో బల్ల దగ్గర ఒక బొమ్మ. ఒక అడుగు వేస్తోంది, ఆగుతోంది. ఇంకో అడుగు. అంత పొడుగు గట్టు మీద పక్కన నరమానవుడు లేడు.

"ఆంటీ, ఎగిరి వచ్చేయండి!"

"ఒక బటన్ నొక్కిపట్టి ఇంకోటి నొక్కాలటగా. నాకు చెప్పినమాట వినేది ఎడమచేతి వేలొక్కటే. మీరు కానివ్వండి, నేనొస్తాలే."

లూసీ ఆంటీ ఎవర్నీ వెక్కిరించకుండా మాట్లాడటం ప్రిస్సిల్లా వినడం అదే మొదలు. ఆ నత్తనడక ఎవరి వేలిని బట్టి కొలిచిందో, ఆ బల్లలు ఎవరికోసం వేసినవో ఒక్కసారిగా వెలిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే గేటు వైపు నుంచి గాల్లో ఏదో వచ్చింది. తెల్ల చొక్కా. కాళ్ళు ముందు, తల వెనక. వంకరటింకరగా వచ్చి, తాటిచెట్టుకి గుద్దుకుని, దబ్బున కాలువలో పడింది.

"ఎవర్రా అది? ఆనందం! రెక్కలు దేవదూతలకన్నావు?" లూసీ ఆంటీ గొంతు మళ్ళీ లేచింది.

ప్రేమానందంగారి బొమ్మ గట్టెక్కింది. "ఎగరలేదక్కా. కాలు జారింది."

"కాలు జారితే కిందకి పడతారు. నువ్వు పైకి పడ్డావేంట్రా?"

"ప్రిస్సిల్లా కాపీ కదక్కా. సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం."

ఇద్దరూ నడక మొదలుపెట్టారు. ప్రిస్సిల్లా ఆయనకి ఫోన్ చేసి గుసగుసగా అడిగింది. "ముందే చెప్పొచ్చుగా అంకుల్?"

"చెబితే మీరు జాలిపడి నడిచేవాళ్ళు. జాలి వాసన తగిలితే అక్క కంప్యూటర్ కట్టేస్తుంది. నన్ను తిట్టుకుంటూ నడవండి, అదే నయం."

ప్రిస్సిల్లా ఫోన్ పెట్టేసింది. సెట్టింగ్స్ తెరిచి ఎగరడం ఆపేసింది, తను పెంచిన నడక వేగం తగ్గించింది. చర్చిలోంచి అందర్నీ గట్టు మీదకి నడిపించింది. పైనుంచి ఒక కేక వినిపించింది.

"ప్రిస్సిల్లక్కా! నేనింకా గాల్లోనే ఉన్నా!"

"రెక్కలు దేవదూతలకి జూడ్! దిగి నడు!" అంది ప్రిస్సిల్లా.

జూడ్ పనసకాయలా వచ్చి లూసీ ఆంటీ కాళ్ళ దగ్గర పడ్డాడు.

"పడ్డావా? లే, నడు," అంది లూసీ ఆంటీ. "ఇంతకీ, గ్రీన్ కార్డ్ వచ్చిందా?"