నూట నలభై చుట్లకు ఎడమ సందు

లెక్క తప్పి నవ్వులపాలైనవాళ్లు చాలామంది ఉంటారు. మూడుసార్లు సరిచూసుకున్న లెక్కతో, సైకిల్‌తో సహా, గుడి క్యూలో ఇరుక్కున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. చెబుతాను, నవ్వుకోండి.

ఆదివారం పొద్దున్న అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు గల్లీల్లో మౌంటెన్ బైక్ రేసు. కొండల్లేని చోట కొండ సైకిళ్లేమిటంటారా? మెట్లూ, తవ్వి వదిలేసిన రోడ్లూ ఉన్నాయి కదా. శ్రీనగర్ కాలనీ యాదగిరితో ఆరేళ్లు ప్రతి ఆదివారం సైకిల్ తొక్కాను. ఒక్కసారీ అతన్ని దాటలేదు. ఆ వారమే అతను నిజామాబాద్‌కు మారిపోతున్నాడు. దాటితే ఇప్పుడే దాటాలి.

నా పాత సైకిల్ మీద రేసు దారంతా ముందే తిరిగి, పెడల్ చుట్లు లెక్కపెట్టి, చీటీ రాసి హ్యాండిల్‌కి అతికించాను. నూట నలభై చుట్లకు ఎడమ సందు, ఆపై అరవైకి మెట్లు. ఇక తలెత్తి దారి వెతుక్కునే పనే లేదు.

"గదేంది సారూ, మందుల చీటీయా?" అన్నాడు యాదగిరి.

"గెలిచాక చూపిస్తాను."

"దారి సుత జర చూడుండ్రి."

ఈల వేశారు. నేనెక్కింది మేనల్లుడి గేర్ల సైకిల్. తేలిక గేరు వేస్తే కాళ్లు గిలకల్లా తిరిగాయి. మురిసిపోయాను. తేలిక గేరులో చుట్లు ఎక్కువ, సాగే దారి తక్కువ అన్నది ఇన్ని లెక్కలు వేసిన బుర్రకు తట్టలేదు. నూట నలభై అయింది, ఎడమన సందూ ఉంది. తిరిగాను. రెండు పక్కలా ఇనుప కడ్డీలు. రేసుకి ఎంత బాగా ఏర్పాటు చేశారో అనుకున్నాను, ఎదుట కొబ్బరికాయల బుట్టలు కనబడేదాకా. అది బల్కంపేట ఎల్లమ్మ గుడి క్యూ. వెనక అప్పటికే పాతికమంది.

"కాస్త జరగండమ్మా, నేను రేసులో ఉన్నాను," అన్నాను ముందున్నావిడతో.

"మేం సుత పొద్దుగాల నుంచి ఉన్నం. లైన్ల నిలబడు."

"వెనక్కి తిప్పుకుంటానండీ."

"అమ్మ దగ్గరికొచ్చి ఎనక్కి పోతవా? జర ఆగు." తన పళ్లెంలోంచి కుంకుమ తీసి నా హ్యాండిల్‌కి బొట్టు పెట్టిందావిడ, సరిగ్గా చీటీ మీద.

గుడివాళ్లు పక్క గేటు తీసి వదిలేసరికి నలభై నిమిషాలు.

పంజాగుట్టలో రేసు గుడారం విప్పేస్తున్నారు. ముగింపు గీతకు అడుగు ఇవతల, సైకిల్ మీదే కూర్చుని యాదగిరి.

"ఇంకా దాటలేదేంటి నువ్వు?"

"మీరు రాలే గద. ఆరేండ్లు కలిసి తొక్కినం, ఒక్కన్నే ఎట్ల దాటాలె? పొండ్రి ముందుగాల."

దాటాను. ఆరేళ్లలో మొదటిసారి యాదగిరి నా వెనక. చివరి నుంచి రెండో స్థానం నాది.

ఆ కుంకుమ సాక్షిగా ఒట్టు వేశాను, ఈ జన్మలో పెడల్ చుట్లు లెక్కపెట్టనని. ఒక్క దారికే మినహాయింపు. మా గేటు నుంచి యాదగిరి ఉండిన ఇంటికి, పాత సైకిల్ మీద, ఆరు వందల పన్నెండు చుట్లు. ఆదివారం ఆదివారం సరిచూస్తాను. ఇప్పటిదాకా ఒక్క చుట్టు కూడా తేడా రాలేదు. బెల్లు మాత్రం కొట్టను. తలుపు తీసేది వేరేవాళ్లు.