నూలొడికే ఇంట్లో పిల్లికూనలు

నేను పొందూరు కోడలిగా వచ్చిన తొలి చలికాలంలో మా అత్తవారి పెరట్లో పిల్లికూనలు చచ్చిపోయాయి. తల్లి వాటిని గడ్డివాము అంచున పెట్టుకుంది. పుష్యమాసపు మంచుకి గడ్డి పైపొరంతా తడిసి ఓడుతోంది. పొద్దున్నే ఆవుకి గడ్డి తియ్యబోతే మూడూ చల్లగా చేతికి తగిలాయి. జామచెట్టు కింద గొయ్యి తీసి కప్పెట్టాను. వచ్చే చలికి ఈ ఇంట్లో ఒక్క కూన కూడా ఇలా పోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. అరవైల చివరి రోజులవి, నాకింకా ఇరవై నిండలేదు. పట్టిన పట్టు వదిలే రకాన్ని కాను, ఇప్పటికీ కాను.

మా పుట్టిల్లు రామతీర్థం పక్క పల్లె. వరి పండించుకునే ఇల్లు. చలి మొదలైతే పిల్లి మా నాన్న దుప్పట్లో దూరేది, కుక్క వంటింటి గోడవార ఊక బస్తా మీద ముడుచుకునేది. అదో విషయంగా ఎవరూ అనుకునేవారు కాదు. పొందూరు పద్ధతి వేరు. ఇక్కడ మగవాళ్లు పొలానికి పోతే ఆడవాళ్లు రాట్నం ముందు కూర్చుంటారు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ల మధ్య నుంచి లాగితే చెత్తా నలుసూ పోయి పోగులన్నీ ఒకవైపు తిరుగుతాయి. తరవాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిపట్టలో దాస్తారు. ఇంత చేసిన ఏకులో ఒక్క పిల్లి వెంట్రుక కలిసినా దారం అక్కడే తెగుతుంది.

అందుకని మా అత్త చట్టం ఒకటే. పత్తి కొరికే ఎలకల్ని పట్టడానికి పిల్లి ఉండాలి, అది మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. చాకిరీ చేయించుకుంటూ చలికి ఒక మూలైనా ఇవ్వకపోవడం నాకు అన్యాయంగా తోచింది. ఆ మాట అడిగేశాను కూడా.

"పొయ్యి కాడైనా పడుకోనీ అత్తా. నిప్పు ఆరిపోయినా బూడిద ఎచ్చగా ఉంటాది."

"పొయ్యిలో పిల్లి పడుకున్నాదంటే ఆ ఇంట్లో వంట నేదని కదే ఊరనుకుంటాది" అంది అత్త. రాట్నం తిప్పుతూనే, "నీకు పిల్లి కావాలేటి, రాట్నం కావాలేటి? ఒకటి సెప్పు" అంది.

"రెండూ కావాలి."

"ఏకై వచ్చి మేకై కూకున్నావే" అంది. కోపంగానే అంది. ఈ గొడవలో మా ఆయన ఎటువైపని అడక్కండి. ఆయన గోడమీద పిల్లి. ఏ పక్కకీ దూకలేదు.

రెండో చలికాలానికి పిల్లి మళ్లీ చూలు కట్టింది. ఈసారి నేను ముందే మేలుకున్నాను. నెర్రె విచ్చిన పెద్ద బాన ఒకటి పెరట్లో పడుంటే, దాన్ని వంటింటి గోడకి బయటివైపు అడ్డంగా పడుకోబెట్టాను. లోపల పొయ్యి ఉన్నది సరిగ్గా ఆ గోడకే, తెల్లారేదాకా వెచ్చదనం పోదు. చెమ్మ ఎక్కకుండా అడుగున ఇటుకలు పేర్చాను. ఉత్తరపు గాలి కొట్టకుండా మూతి దక్షిణానికి తిప్పాను. దువ్వగా రాలిన చెత్తపత్తిని గోనెలో కూరి లోపల పరిచాను. పిల్లి రెండు మూడుసార్లు వాసన చూసి, అందులోనే ఈనింది. మళ్లీ మూడు కూనలు. చెత్తపత్తి చెత్తే, పెరడు పెరడే కనక అత్త ఏమీ అనలేదు. పిల్లిని ముట్టుకున్నాక నేను చీర మార్చుకుని, చేతులు కడుక్కునే రాట్నం దగ్గరికి వెళ్లేదాన్ని. అయినా ఆవిడ నా జాకెట్టు చేతుల మీద వెంట్రుకల కోసం వెతికేది. దొరకనిచ్చానా.

అన్నీ ఆలోచించాననుకున్నాను. ఒక్కటి మరిచాను. ఆ వారమే అత్త కొత్త దవడ ఎముక కొంది. అది సరిగ్గా ఎండలేదు, ఇంకా నీచువాసన పోలేదు. దానితో దువ్వగా రాలిన చెత్త మెత్తగా, కొత్తగా ఉందని నేను దాన్నే తెచ్చి కూనల కింద వేశాను. ఇంకో ఊళ్లో అయితే ఎండుగడ్డి వేసేవారు. చేప ఎముకల మధ్య బతికే మాలాంటి వాళ్లకే చేప వాసన పరుపు వెయ్యాలని తోస్తుంది. నా ముక్కుకి ఆ వాసన ఎప్పుడో అలవాటైపోయింది. వీధికుక్కకి కాలేదు.

మర్నాడు పొద్దున్న పశువులశాల కూడా కనపడనంత మంచు. కళ్లాపి చల్లడానికి పెరట్లోకి వెళితే, బక్క కుక్క ఒకటి గోనెని బయటికి లాగేసి దానిమీదే చుట్టుకుని పడుకునుంది. నీచువాసనకి వచ్చినట్టుంది, వెచ్చగా ఉండేసరికి ఉండిపోయింది. కూనల జోలికి పోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. గోనెతోపాటు అవీ బయటపడి తడినేల మీద పాకుతున్నాయి. తల్లి గోడమీద బొచ్చు రేపుకుని నిలబడి ఉంది, దిగడానికి భయం. రెండు కూనలు అరుస్తున్నాయి. మూడోదాని నోరు పెగలట్లేదు.

కర్ర తీశాను. కుక్క లేవలేదు, పక్కటెముకలు అదిరేలా వణుకుతూ నాకేసి చూసింది. దానికీ చలే కదా. కర్ర పారేశాను. ఆ చలికాలమంతా ఆ గోనె దానికే వదిలేశాను. కూనల్ని కొంగులో వేసుకుని, బానవైపు చూడకుండా, నేరుగా ఏకులుండే గదిలోకి నడిచాను. ఇంట్లో గాలి చొరబడని గది అదొక్కటే.

అత్త అప్పటికే రాట్నం ముందుంది.

"ఈటిని మళ్లీ బయటెట్టాలంటే నన్నూ బయటెట్టెయ్ అత్తా. మా ఊరు పోతాను" అన్నాను. "బొచ్చు పడితే పత్తంతా నేనే మళ్లీ దువ్వుతాను. ఏటి సెయ్యమన్నా సేస్తాను. ఈటిని మాత్రం సావనివ్వను."

కిందటేడు గొయ్యి తీసిన చెయ్యి నాది, మళ్లీ తియ్యలేను. ఆవిడ జవాబు కోసం ఆగకుండా కింద కూర్చుని, బుట్టలోంచి శుభ్రం చేసిన పత్తి పిడికెడు లాగి, మూడో కూనని అందులో చుట్టి రుద్దడం మొదలుపెట్టాను. అది ఆవిడ ఎన్నో పూటల కష్టం. ఇంటికి చుట్టాలొచ్చినా ఆగని రాట్నం ఆగింది.

అత్త పత్తికేసి చూసింది. కూనకేసి చూసింది. నేను రుద్దుతూనే ఉన్నాను. చాలాసేపటికి అది నోరు తెరిచి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు సన్నగా అరిచింది. ఆ అరుపుకి తల్లి ఎక్కణ్నించో పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. కూనలు కళ్లెదుటే ఉన్నా గడప దాటలేదు. దాటితే దెబ్బలు పడతాయని దానికి తెలుసు.

అత్త కాసేపు దాన్నే చూసింది.

"దాన్ని లోనికి పిలిసి తలుపెయ్యే" అంది, "సలిగాలి కూనలకి తగుల్తన్నాది."