సున్నా అని ఎవరూ చెప్పని రోజు

ముప్పై నిండకుండానే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. మన ఈడువాళ్లలో ట్యూషన్ దెబ్బలు తిన్నవాళ్లంతా సగం ముసలివాళ్లే. మొన్న ఆదివారం షోళింగనల్లూరులో అక్కవాళ్ల ఇంటికి వెళ్తే, పదో తరగతి చదివే ఆమె ఆడబిడ్డ కూతురు ఫోన్‌లో ట్యూషన్ వింటూ, మైనస్ తొమ్మిది నుంచి మూడేసి పెరుగుతూ ఇరవై ఒకటి దాకా పోయే అంకశ్రేఢిని పైకి చదువుకుంటూ, పదాలన్నిటినీ గుణించలేక చెమటలు కక్కుతోంది. బెండకాయలు తరుగుతున్న అక్క తల ఎత్తకుండానే "సున్నా" అంది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆ లెక్క మాకు పాత చుట్టం. తిరువొత్తియూరులో మా పెదనాన్న మేడ మీది రేకుల షెడ్డులో పిల్లల్ని కొట్టేవాడు. మధ్యలో తీరిక దొరికితే లెక్కలు చెప్పేవాడు. జవాబు చెప్పినవాడు చెప్పలేనివాళ్లందరి ముక్కూ పట్టుకుని చెంప పగలగొట్టాలి, అదీ ఆయన పద్ధతి, మెల్లగా కొడితే "నీ చెయ్యేమన్నా దూదా? ఇట్ట కొట్టాల!" అంటూ కొట్టినవాడి చెంప మీదే చేసి చూపించేవాడు. ముక్కుల్లో నెత్తురు, చెంపల మీద అయిదు వేళ్లు, ఎవడి తలకో తగిలి ఎగిరిపడే డస్టరు, ఇవన్నీ గణితంలో భాగమేనని మా నమ్మకం.

ఆ లెక్క పడిన రోజు నా ఎడమ చెవి నిండా చీము. దెబ్బ తగిలితే వినికిడి పోతుందని డాక్టరు చెప్పాడంటే, కుడిది ఉందిగా అన్నాడు పెదనాన్న. అక్కది కుడిచేతి వాటం, ఎదురుగా నిలబడి కొడితే పడేది ఎడమ చెంప మీదే. అక్క పెదవేమో ముందురోజు ఎవడో కొట్టిన దెబ్బకు చిట్లి ఉంది. బోర్డు మీద ఈ లెక్కే పడింది. షెడ్డులో ఒక్కరూ నోరు విప్పలేదు. వరసగా అందరి అరచేతులూ వాయించుకుంటూ వచ్చాడాయన. అక్క దగ్గర స్కేలు విరిగింది. అడుగు స్కేలు పోయినా అరడుగువి రెండు వచ్చాయి కాబట్టి ఆయనకు నష్టం లేదు, ఒక ముక్కతో నన్ను కొట్టాడు. "మైనస్ మూడు తర్వాత సున్నా రాదంట్రా గాడిదల్లారా? సున్నాతో గుణిస్తే ఏం మిగులుతాది?" అని అరిచాడు.

"అంటే ఆ పొద్దే నీకు తెలుసునా?" అన్నాను, ఇంకా బెండకాయలు తరుగుతున్న అక్కతో.

"తెలీకేం? చెప్పుంటే నీ చెవి ఈడ ఉండేదా?"

"నాకూ తెలుసు."

కత్తి ఆగింది. "మరి చెప్పేదానికి ఏం నొప్పిరా?"

"నీ మూతి చూసి."

"ఎర్రోడా! ఇద్దరం ఊరికే కొట్టించుకుంటిమే!" అని నవ్వి, అక్క కళ్లు తుడుచుకుంది. బెండకాయలు తరిగితే కళ్ల నీళ్లు రావడం నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు తప్పు చెబితే ఫోన్‌లో ఏడుపు మొహం బొమ్మ ఒకటి వచ్చి పోతుంది, అంతే. దెబ్బలు పోయాయి, పీడా పోయింది. కానీ ఆ పిల్ల చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్కతే లెక్కలు చేస్తుంది. జవాబు తెలిసీ చెప్పకుండా, తన కోసం పక్కన దెబ్బకు చెయ్యి చాచి నిలబడేవాళ్లు ఆ ఫోన్‌లో ఎక్కడుంటారు?